దూరవిద్యలో ఫీజు ఎక్కడికి పోతుంది?

తిరుపతిలో ఒక డిగ్రీ కళాశాల పైఅంతస్తు గదిలో ఆదివారాలు దూరవిద్య విద్యార్థులకు కాంటాక్ట్ తరగతులు జరిగేవి. అక్కడ కొన్నేళ్లు అర్థశాస్త్రం చెప్పాను. ఒక ఆదివారం హాజరు పట్టీలో 46 పేర్లుంటే వచ్చినవాళ్లు 11 మంది. పలమనేరు నుంచి తెల్లవారుజాము బస్సెక్కి వచ్చిన ఒక కానిస్టేబుల్, పుత్తూరు నుంచి పసిబిడ్డను తల్లి దగ్గర వదిలి వచ్చిన ఒక గృహిణి, శ్రీసిటీలో సెల్‌ఫోన్ల కర్మాగారంలో రాత్రి షిఫ్టు ముగించుకుని నిద్రలేని కళ్లతో నేరుగా తరగతికి వచ్చిన ఇద్దరు అమ్మాయిలు ఆ పదకొండు మందిలో ఉన్నారు. మిగతా 35 మంది కూడా వీళ్లలాగే ఏడాది ఫీజు కట్టినవాళ్లే. పాఠం ముగిశాక హాజరు పట్టీ మీద సంతకం చేస్తుంటే, రానివాళ్లు కట్టిన డబ్బు ఏమవుతోందన్న ప్రశ్న నాకు మొదటిసారి గట్టిగా తగిలింది. దూరవిద్య మీద నాకున్న గౌరవం ఆ ప్రశ్న వల్ల తగ్గలేదు కానీ, దాని లెక్కలను లోపలికి వెళ్లి చూడాలన్న పట్టుదల మాత్రం అప్పుడే మొదలైంది.

దూరవిద్య చవక అని అందరం అనుకుంటాం. ప్రభుత్వాలు కూడా ఆ నమ్మకంతోనే దాన్ని పెంచుతూ వచ్చాయి. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టినప్పుడూ, 1982లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో వెలిసినప్పుడూ, దాని తొలి ఉపకులపతి జి. రామ్‌రెడ్డి 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తొలి ఉపకులపతిగా వెళ్లినప్పుడూ, వినిపించిన వాదనలో ఆర్థిక భాగం ఒక్కటే: కొత్త భవనాలు, కొత్త హాస్టళ్లు, కొత్త అధ్యాపక పోస్టులు లేకుండానే లక్షలమందికి ఉన్నత విద్య అందించవచ్చు. 2035 నాటికి ఉన్నత విద్యలో స్థూల నమోదు నిష్పత్తిని (కళాశాల వయసు యువత సంఖ్యతో పోలిస్తే చదువుతున్నవాళ్ల శాతాన్ని) 50 శాతానికి చేర్చాలని చెప్పిన 2020 జాతీయ విద్యావిధానం కూడా అందుకు సార్వత్రిక, దూరవిద్యలను ఒక దారిగా చూపించింది. ఈ వాదన అబద్ధం కాదు. అయితే అది కొన్ని షరతులకు లోబడి మాత్రమే నిజమవుతుంది, ఆ షరతులను మన దగ్గర ఎవరూ విడమరచి చెప్పరు.

మామూలు కళాశాలలో ఖర్చు తరగతి గది చుట్టూ తిరుగుతుంది. అరవై మంది పట్టే గదిలో అరవై ఒకటో విద్యార్థి చేరితే పెద్ద తేడా రాదు, నూట ఇరవై మంది చేరితే మాత్రం రెండో గది, రెండో అధ్యాపకుడు తప్పరు. అంటే విద్యార్థులు పెరిగేకొద్దీ ఖర్చు కూడా మెట్లుమెట్లుగా పెరుగుతూ పోతుంది. దూరవిద్యలో పాఠం చెప్పే పని ఒక్కసారే, విద్యార్థి చేరకముందే జరిగిపోతుంది. పాఠ్యప్రణాళిక తయారు చేయించి, ఒక్కొక్క యూనిట్‌ను ఒక్కొక్క అధ్యాపకుడి చేత రాయించి, దాన్ని ఇంకొకరి చేత పరిశీలింపజేసి, తెలుగు మాధ్యమానికి కావలసిన పారిభాషిక పదాలు సరిచూసి, డీటీపీ చేయించి, ప్రూఫులు దిద్దించి అచ్చుకు పంపేదాకా అయ్యే ఖర్చు పదిమంది చదివినా పదివేలమంది చదివినా ఒకటే. దీన్ని స్థిర వ్యయం అంటాం. పుస్తకం అచ్చు, తపాలా, కాంటాక్ట్ తరగతులు, అసైన్‌మెంట్లు దిద్దించడం, పరీక్ష నిర్వహణ మాత్రం తలకు ఇంత అని పెరుగుతాయి. ఇవి చర వ్యయాలు. దూరవిద్య ఆర్థిక రహస్యమంతా ఈ రెండింటి మధ్య ఉన్న పొత్తులోనే ఉంది.

లెక్క తేలిగ్గా అర్థం కావడానికి కొన్ని అంకెలు ఊహించుకుందాం. ఇవి ఏ సంస్థవీ కావు, పలక మీద వేసుకున్న లెక్క మాత్రమే. ఒక డిగ్రీ కోర్సుకు పాఠ్యసామగ్రి తయారీకి 30 లక్షలు అవుతుంది, అది అయిదేళ్లు పనికొస్తుంది కాబట్టి ఏడాదికి 6 లక్షలు. ఆ కోర్సును చూసుకునే సిబ్బంది, సాఫ్ట్‌వేర్, కార్యాలయం కలిపి ఏడాదికి మరో 14 లక్షలు. మొత్తం స్థిర వ్యయం 20 లక్షలు. ఒక్కో విద్యార్థి మీద ఏడాదికి అచ్చుకు 900, తపాలాకు 150, తరగతులకు 700, అసైన్‌మెంట్లకు 250, పరీక్షలకు 1,000, వెరసి 3,000 రూపాయలు. ఫీజు 5,000 రూపాయలు. ఇప్పుడు 200 మంది చేరితే స్థిర వ్యయంలో తలకు 10,000 పడి, ఒక్కొక్కరి మీద 13,000 ఖర్చవుతుంది. కోర్సు నిలువునా నష్టం. వెయ్యిమంది చేరితే తలకు 5,000 అవుతుంది, అంటే ఫీజుకు సరిగ్గా గిట్టుబాటు. నాలుగు వేలమంది చేరితే తలకు 3,500కు దిగి, సంస్థకు ఏడాదికి 60 లక్షలు మిగులుతుంది.

ఇక్కడినుంచి అసలు సంగతి మొదలవుతుంది. నాలుగు వేలమంది ఎనిమిది వేలమంది అయితే తలసరి ఖర్చు ఎంత తగ్గాలి? కేవలం 250 రూపాయలే, 3,500 నుంచి 3,250కి. ఒక స్థాయి దాటాక సంఖ్య పెంచుకుంటూ పోతే ఖర్చు ఇంకా ఇంకా తగ్గిపోతుందన్న ఆశకు లెక్కలో ఆధారం లేదు. అప్పటికే తలసరి ఖర్చులో దాదాపు మొత్తం చర వ్యయమే మిగులుతుంది. దాన్ని తగ్గించాలంటే పుస్తకం పలచబడాలి, తరగతులు తగ్గాలి, అసైన్‌మెంట్లు చదవకుండా మార్కులు వేయాలి. పెద్ద సంఖ్యలున్న చోట నాణ్యత పడిపోవడానికి చాలామంది దురాశను కారణంగా చెబుతారు. నా అనుభవంలో దురాశ కంటే, తలసరి ఖర్చు తగ్గడం ఎక్కడ ఆగిపోతుందో తెలియని పరిపాలనే ఎక్కువ నష్టం చేసింది.

ఇంకో పొరపాటు దీనికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. వెయ్యిమంది ఒకే కోర్సులో చేరితే గిట్టుబాటు అవుతుందన్నాం. ఆ వెయ్యిమందే అయిదు కోర్సుల్లో రెండేసి వందలమంది చొప్పున చేరితే, కార్యాలయ ఖర్చులో కొంత కలిసొచ్చినా, పాఠ్యసామగ్రి అయిదుసార్లు తయారు చేయాలి, ప్రశ్నపత్రాలు అయిదు రకాలు వేయాలి, ఒక్కో సబ్జెక్టుకు నలుగురైదుగురు విద్యార్థుల కోసం పరీక్ష గది తెరవాలి. ప్రాస్పెక్టస్‌లో కోర్సుల జాబితా పొడుగ్గా ఉంటే సంస్థ ఘనంగా కనిపిస్తుంది. ఆ పొడుగు జాబితాలో సగం కోర్సులను బి.ఏ., బి.కాం. విద్యార్థులు తమ ఫీజుతో మోస్తుంటారు. కొన్ని కోర్సులను అలా మోయవలసిందే. సంస్కృతమో, తత్వశాస్త్రమో పదిమందే చదివినా ఉండాలని ఒక విశ్వవిద్యాలయం నిర్ణయించుకోవచ్చు, అది మంచి నిర్ణయమే కావచ్చు. కాకపోతే అది తెలిసి తీసుకున్న నిర్ణయం అయివుండాలి.

పాఠ్యసామగ్రి అయిదేళ్లు పనికొస్తుందని పైన అనుకున్నాం. మన రాష్ట్రంలో అది నిలబడలేదు. డిగ్రీ పాఠ్యప్రణాళిక 2020-21లో మారింది, మళ్లీ 2023-24 నుంచి ఒకే ప్రధాన సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ విధానం వచ్చింది. సంప్రదాయ విధానంలో, దూరవిద్యలో రెంటిలోనూ కోర్సులు నడిపే విశ్వవిద్యాలయం ప్రాంగణంలో ఉన్న కోర్సునే దూరవిద్యలోనూ నడపాలి కాబట్టి, ప్రాంగణంలో సిలబస్ మారినప్పుడల్లా దూరవిద్య పుస్తకం పాతబడిపోతుంది. తరగతి గదిలో అధ్యాపకుడు కొత్త సిలబస్‌కు ఒక వారంలో సర్దుకోగలడు. అచ్చయిన పుస్తకం సర్దుకోదు. ఒకసారి ఒక దూరవిద్య కేంద్రం గోదాములో పురికొస కూడా విప్పని కట్టలు గోడపొడవునా పేర్చి ఉండగా చూశాను. పై కట్ట మీద చెదలు పట్టిన మట్టి గీత, కింద కట్టల్లో ఎప్పటికీ ఎవరూ తెరవబోని రెండో ఏడాది చరిత్ర పుస్తకాలు. ఆ కట్టల్లో మూడేళ్లకే ఆగిపోయిన ఆయుష్షు ఉంది. పైన వేసుకున్న లెక్కలో 30 లక్షలను అయిదేళ్లకు బదులు మూడేళ్లకే పంచితే ఏడాదికి 6 లక్షలు కాస్తా 10 లక్షలవుతుంది, గిట్టుబాటుకు కావలసిన విద్యార్థుల సంఖ్య వెయ్యి నుంచి 1,200కు పెరుగుతుంది. సిలబస్ సంస్కరణ మీద చర్చ జరిగినప్పుడల్లా ఈ ఖర్చు ఎవరి నోటా రాదు.

అలాగే ఏడాదికి ఒక్కసారి జరిగే పరీక్ష సెమిస్టర్‌గా మారితే ప్రశ్నపత్రాల తయారీ, కేంద్రాలు, ఇన్విజిలేటర్లు, మూల్యాంకన శిబిరం, ఫలితాలు అన్నీ రెట్టింపవుతాయి. తపాలా సంగతి చిన్నదే అయినా చెప్పుకోవాలి. 2025లో తపాలా శాఖ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది. పుస్తకాల కట్టలను చేరిన రసీదుతో పంపుకునే సంస్థలకు అది మళ్లీ వేసుకోవలసిన లెక్కే.

ఇప్పుడు ఆ 35 మంది దగ్గరికి వద్దాం.

ఒక విద్యార్థి ఫీజు 5,000 కట్టి, పుస్తకాలు అందుకుని, ఆ తర్వాత ఒక్క తరగతికీ రాలేదు, ఒక్క అసైన్‌మెంటూ ఇవ్వలేదు, పరీక్షకూ కూర్చోలేదు. అతని మీద సంస్థ పెట్టిన చర వ్యయం అచ్చుకు, తపాలాకు కలిపి 1,050 రూపాయలు. తరగతులకు, అసైన్‌మెంట్లకు, పరీక్షలకు కేటాయించిన 1,950 రూపాయలు ఖర్చు కాకుండా మిగిలిపోయాయి. చివరిదాకా చదివిన విద్యార్థి నుంచి స్థిర వ్యయాలకు 2,000 వస్తే, మౌనంగా మానేసిన విద్యార్థి నుంచి 3,950 వస్తుంది. అంటే సంస్థ పద్దుల్లో చదువు మానేసినవాడే లాభసాటి విద్యార్థి. దీన్ని ఎవరూ పథకం వేసి తయారు చేయలేదు. ఫీజంతా మొదట్లోనే వసూలై, ఖర్చు మాత్రం ఏడాది పొడవునా విద్యార్థి అడిగినప్పుడే జరిగే చోట దానంతటదే ఏర్పడే స్థితి ఇది. అయితే ఫలితం ఒక్కటే. విద్యార్థిని వెనక్కి రప్పించడానికి పెట్టే ప్రతి రూపాయీ సంస్థకు రెండుసార్లు ఖర్చుగా కనిపిస్తుంది: రప్పించడానికి ఒకసారి, వచ్చాక చదివించడానికి ఇంకోసారి.

నాణ్యత గురించి ఎన్ని సదస్సులు పెట్టినా, ఎన్ని నియమాలు రాసినా ఈ పద్దు మారనంతకాలం లోపలి ఒత్తిడి అటువైపే లాగుతుంది. దూరవిద్య లోపాలన్నిటిలో నేను దీన్నే మొదటిదిగా లెక్కిస్తాను.

ఈ స్థితి బయటపడకుండా కాపాడేది మనం లెక్కించే పద్ధతి. సంస్థలు ఖర్చును చేరిన విద్యార్థుల సంఖ్యతో భాగిస్తాయి. డిగ్రీ పూర్తి చేసినవాళ్ల సంఖ్యతో భాగించి చూడండి. మళ్లీ ఊహాలెక్కే: మొదటి ఏడాది వెయ్యిమంది చేరారు, రెండో ఏడాదికి 600 మంది, మూడో ఏడాదికి 450 మంది ఫీజు కట్టారు, చివరికి 250 మంది పట్టా పుచ్చుకున్నారు. ఒక్కొక్కరి మీద ఏడాదికి 5,000 చొప్పున 2,050 విద్యార్థి సంవత్సరాలకు ఒక కోటి 2 లక్షల 50 వేలు ఖర్చు. పట్టాకు 41,000 రూపాయలు పడింది. మూడేళ్లకు 15,000 అని అందరూ అనుకుంటున్న చదువు అసలు ధర ఇది. ఇప్పుడు ఇంకో సంస్థ ఇదే కోర్సులో విద్యార్థిని పట్టుకుని నిలిపే పనికి తలకు ఏడాదికి 800 అదనంగా పెట్టిందనుకుందాం. రెండో ఏడాదికి 750 మంది, మూడో ఏడాదికి 650 మంది నిలిచి, 450 మంది పట్టా తీసుకున్నారు. ఖర్చు ఒక కోటి 39 లక్షల 20 వేలకు పెరిగింది కానీ, పట్టాకు పడింది సుమారు 31,000. మొదటి లెక్కలో ఖరీదైన సంస్థ రెండో లెక్కలో చవకైనది. బ్రిటన్‌లో 1971లో పాఠాలు మొదలుపెట్టిన ఓపెన్ యూనివర్సిటీ ఖర్చులను తొలినాళ్లలోనే పరిశీలించిన ఆర్థికవేత్తలు కూడా ఈ తేడానే పట్టుకున్నారు: చేరిన విద్యార్థి లెక్కన చూస్తే అది మామూలు విశ్వవిద్యాలయాల కంటే ఎంతో చవక, పట్టా లెక్కన చూస్తే చవకే అయినా ఆ అంతరం బాగా తగ్గింది.

పూర్తిచేయని చదువంతా వృథా అని నేను అనను. రెండేళ్లు చదివి ఆగిపోయిన గృహిణికి ఆ రెండేళ్ల చదువు దక్కుతుంది. మూడేళ్ల డిగ్రీని ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఆరేళ్లలోపు పూర్తి చేసుకోనిస్తోందంటే, ఆగి ఆగి నడిచేవాళ్ల కోసమే. కానీ పుస్తకాల కట్ట విప్పకుండానే ఆగిపోయినవాళ్లను కూడా ఈ మాట చాటున దాచడం సరికాదు.

ఆరేళ్ల గడువు అనగానే నగదు రాకపోకల సంగతి వస్తుంది. ఈ ఏడాది చేరిన విద్యార్థి ఫీజు ఈ ఏడాదే ఖజానాకు చేరుతుంది. అతని పట్ల బాధ్యత మాత్రం ఆరేళ్లు సాగుతుంది. మిగిలిపోయిన పేపర్లకు పరీక్షలు పెట్టాలి, పాత సిలబస్‌లో ప్రశ్నపత్రం వేయించాలి, రికార్డులు భద్రపరచాలి. నిజానికి ఈ ఏటి ఫీజులో కొంత భాగం రాబోయే ఏళ్ల కోసం పక్కన పెట్టాలి. చాలాచోట్ల పెట్టరు. కొత్త చీటీలో చేరినవాళ్ల డబ్బుతో పాత చీటీ పాడుకున్నవాళ్లకు సర్దినట్టు, కొత్త ప్రవేశాల ఫీజుతో పాత బ్యాచ్‌ల పరీక్షలు నడుస్తాయి. ప్రవేశాలు పెరిగినంతకాలం ఇది ఎవరికీ కనిపించదు. తగ్గిన ఏడాదే ఫలితాలు ఆలస్యమవుతాయి, కాంటాక్ట్ తరగతులు చెప్పే కౌన్సెలర్ల పారితోషికాలు ఆగిపోతాయి, మూల్యాంకనానికి రమ్మంటే అధ్యాపకులు రారు.

ప్రవేశాలు ఒక్కసారిగా పడిపోయిన కాలం దేశమంతటా వచ్చింది. 1991లో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం కింద ఏర్పడిన దూరవిద్యా మండలిని 2013లో రద్దు చేసి, ఆ అధికారాన్ని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) తీసుకుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు సొంత రాష్ట్రం హద్దులు దాటి కేంద్రాలు నడపరాదనీ, ఫ్రాంచైజీలు ఇవ్వరాదనీ నిబంధనలు బిగిశాయి. 2020 నాటి నిబంధనలు, విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్‌లో 3.01 స్కోరునో, జాతీయ ర్యాంకుల్లో తొలి వందలో స్థానాన్నో అర్హతగా పెట్టాయి. సాంకేతిక డిగ్రీల విషయంలో సుప్రీంకోర్టు 2017 నవంబరులో ఇచ్చిన తీర్పు, కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ పట్టాలను పక్కన పెట్టింది. ఈ బిగింపు అవసరమేనని నేను నమ్ముతాను, ఎందుకంటే ఫ్రాంచైజీ విధానంలో కేంద్రం నడిపేవాడికి ప్రవేశానికి ఇంత అని ఫీజులో వాటా దక్కేది. ప్రవేశం మీద డబ్బు వచ్చేవాడు ప్రవేశాలే తెస్తాడు. ఆ తర్వాత తరగతి జరిగిందా, అసైన్‌మెంటు ఎవరు రాశారు, పరీక్ష గదిలో ఏం జరిగింది అన్నవి అతని ఆదాయానికి సంబంధం లేని విషయాలు. అదే వాటాను హాజరుకో, దిద్ది వెనక్కి ఇచ్చిన అసైన్‌మెంటుకో కట్టివుంటే ఆ కేంద్రాల్లో కొన్నయినా మంచి బడులుగా నిలబడేవి. హద్దులు ముడుచుకున్నాక బయటి ఆదాయం పోయింది, అప్పటికే చేరినవాళ్ల బాధ్యత మాత్రం అలాగే మిగిలింది.

మరి బాగా నడిచిన ఏళ్లలో మిగిలిన డబ్బు ఏమైంది? ప్రాంగణమూ దూరవిద్యా రెండూ ఉన్న విశ్వవిద్యాలయాల్లో ఆ మిగులు సాధారణంగా ప్రధాన ఖజానాలో కలుస్తుంది. ప్రభుత్వ గ్రాంటు జీతాలకే చాలని చోట, పింఛన్ల భారం ఏటేటా పెరిగే చోట, ఒప్పంద అధ్యాపకుల వేతనాలకు, భవనాల మరమ్మతులకు దూరవిద్య ఫీజే ఆసరా అవుతుంది. ప్రాంగణాన్ని కాపాడుకోవడం తప్పని ఎవరూ అనరు. నా అభ్యంతరం డబ్బు ప్రవహిస్తున్న దిశ మీద. ప్రాంగణ విద్యార్థికి గ్రంథాలయం, హాస్టలు, ఫీజు రీయింబర్స్‌మెంటు ఉన్నాయి. దూరవిద్య విద్యార్థి తన కూలిలోంచో, హోటల్ జీతంలోంచో, చిన్న ఉద్యోగంలోంచో ఫీజు కడుతుంది. ఆమె కట్టినదాంట్లో కొంత ఆమె ఎన్నడూ అడుగుపెట్టని భవనానికి సున్నం వేయడానికి పోతోందంటే, కనీసం ఆ సంగతి వార్షిక నివేదికలో ఒక పంక్తిగా కనబడాలి కదా.

సంస్థ తగ్గించుకున్న ఖర్చు చాలాసార్లు మాయం కాదు, విద్యార్థి జేబుకు బదిలీ అవుతుంది. పరీక్ష కేంద్రాల సంగతే చూడండి. కుప్పంలోనో పలమనేరులోనో ముప్పై మంది కోసం కేంద్రం తెరవడం దండగని మూసేసి, అందరినీ తిరుపతికి రమ్మంటే సంస్థ పద్దులో కొన్ని వేలు మిగులుతాయి. కుప్పం నుంచి తిరుపతి రావాలంటే బస్సులో నాలుగు గంటలకు పైగా పడుతుంది, ఉదయం పరీక్షకు ముందురోజే చేరుకోవాలి. బ్రహ్మోత్సవాలకో, వైకుంఠ ఏకాదశికో, వరుస సెలవులకో దగ్గరగా పరీక్షలు పడితే ఈ ఊళ్లో గది దొరకదు, దొరికినా ఆ అద్దె విద్యార్థి భరించగలిగేది కాదు. రైల్వేస్టేషన్ ఎదుట ఫుట్‌పాత్ మీద యాత్రికుల మధ్య దుప్పటి పరుచుకుని, వీధిదీపం కింద మరుసటి రోజు పేపరు తిరగేస్తున్న పరీక్షార్థులను నేను చూశాను. వాళ్లలో ఒకతను రోజుకూలీ. ఆరు పేపర్లంటే ఆరు రోజుల కూలి పోయినట్టే. బస్సు ఛార్జీ, గది, తిండి, పోయిన కూలి కలిపితే ఏడాది ఫీజును మించిపోతుంది. దూరవిద్య ఖర్చు గురించి మాట్లాడే ఏ నివేదికయినా ఈ భాగాన్ని వదిలేస్తే అది సగం లెక్కే. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి ఉచిత బస్సు ప్రయాణం ఈ లెక్కలో అనుకోకుండా ఒక మంచి మార్పు తెచ్చింది. దూరవిద్య కోసం పెట్టిన పథకం కాకపోయినా, పల్లె నుంచి కాంటాక్ట్ తరగతికి వచ్చే ఆడపిల్లకు ఫీజు రాయితీ ఇచ్చినంత పని చేసింది.

ఆన్‌లైన్‌లోకి మారితే ఇవన్నీ తీరిపోతాయని చెప్పేవాళ్లున్నారు. అచ్చు, తపాలా తగ్గే మాట నిజం. ఆ స్థానంలో వీడియో చిత్రీకరణ, సర్వర్లు, సాంకేతిక సిబ్బంది, ఏటేటా కట్టే సాఫ్ట్‌వేర్ చందాలు వస్తాయి. అంటే చర వ్యయం కొంత తగ్గి స్థిర వ్యయం పెరుగుతుంది, దాంతో గిట్టుబాటుకు కావలసిన విద్యార్థుల సంఖ్య ఇంకా పైకి పోతుంది. పెద్ద సంస్థలకు అది లాభం. తెలుగు మాధ్యమంలో కొన్ని వందలమందికి పాఠం చెప్పే సంస్థకు అది మోయలేని బరువు. పైగా అచ్చు ఖర్చు తగ్గిందంటే, డేటా ప్యాకూ ఫోనూ విద్యార్థి కొనుక్కున్నందువల్ల తగ్గింది. షిఫ్టు ముగించుకుని హాస్టల్ గదిలో నలుగురి మధ్య కూర్చునే అమ్మాయికి అరచేతి తెర మీద నలభై నిమిషాల వీడియో కంటే, గీతలు గీసుకోగల పుస్తకమే ఇప్పటికీ ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

చిన్న సంస్థలకు ఉన్న మెరుగైన దారి పాఠాలను పంచుకోవడం. భారత ఆర్థిక వ్యవస్థ మీద తెలుగులో డిగ్రీ పాఠాన్ని ఆంధ్ర, నాగార్జున, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాలు ఎవరికి వారు రాయించుకోవలసిన అవసరం ఏముంది? సిలబస్ దాదాపు ఒకటే, చదివేవాళ్ల భాష ఒకటే, పరీక్ష ఒకటే తరహా. ముగ్గురూ కలిసి ఒక్క మంచి పుస్తకం రాయిస్తే ఒక్కొక్కరి మీద పాఠ్యసామగ్రి తయారీ ఖర్చు మూడోవంతుకు దిగుతుంది, ఆ ఆదాలో సగం పెట్టినా రచయితలకు మంచి పారితోషికం ఇచ్చి రెండేళ్లకోసారి సవరించుకోవచ్చు. 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’లోని కోర్సుల క్రెడిట్లను ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా తీసుకోవచ్చని 2021లో నిధుల సంఘం అనుమతించింది. అంటే ఇతర సంస్థల పాఠాన్ని తమ పట్టాలో భాగంగా లెక్కించడానికి సూత్రరీత్యా అడ్డు లేదు. అడ్డంతా మన పుస్తకం మీద మన ముద్రే ఉండాలన్న పట్టింపు. కలిసి రాసిన పుస్తకం వల్ల ఏ విశ్వవిద్యాలయం గౌరవమూ తగ్గదు.

పద్దులు ఎలా ఉండాలన్నది కూడా చెప్పాలి. దూరవిద్యకు ప్రత్యేక ఖాతా ఉండాలి, అందులోంచి ప్రధాన ఖజానాకు వెళ్లే మొత్తం ఏటా ప్రకటించాలి. ఫీజును ఒక్కసారిగా ఆదాయంగా చూపకుండా, అసైన్‌మెంటు దిద్ది ఇచ్చినప్పుడు కొంత, పరీక్ష జరిగినప్పుడు కొంత ఆదాయంగా రాసుకోవాలి. అలా చేస్తే రాని విద్యార్థి ఫీజు లాభంగా కనబడదు, ఇంకా తీర్చవలసిన బాకీగా నిలుస్తుంది. ఎంతమంది చేరారన్న అంకె పక్కనే ఎంతమంది తొలి అసైన్‌మెంటు ఇచ్చారు, ఎంతమంది రెండో ఏడాదికి వచ్చారు, పట్టాకు ఎంత పడింది అన్నవి కూడా అచ్చు కావాలి. వీటిలో మొదటి అసైన్‌మెంటు లెక్కనే నేను అన్నిటికంటే ముఖ్యంగా చూస్తాను. అది ఇచ్చినవాళ్లు సాధారణంగా నిలుస్తారు, ఇవ్వనివాళ్లు మొదటి మూడు నెలల్లోనే జారిపోతున్నారని అప్పటికే తెలుస్తుంది.

ఆ ఆదివారం తరగతి అయ్యాక, రాని 35 మందికి ఫోన్ చేద్దామని కార్యాలయంలో ఉన్న ఒక యువకుడిని అడిగాను. హాజరు పట్టీ ముందు పెట్టుకుని ఇద్దరం సాయంత్రం దాకా కూర్చున్నాం. కొన్ని నంబర్లు పనిచేయలేదు, కొందరు తాము చేరిన సంగతే మరచిపోయామన్నట్టు మాట్లాడారు. ఒకమ్మాయి మాత్రం, "ఆదివారం కూడా షిఫ్టు పడతా ఉంది సార్. పుస్తకం అర్థం కాలేదంటే ఎవుర్నడగాల్నో తెలియక ఊరుకుండిపోయినా" అంది. ఏ పాఠమని అడిగితే, డిమాండ్ వ్యాకోచత్వం అంది, అంటే ధర మారితే గిరాకీ ఎంత మారుతుందన్న పాఠం. ఫోన్‌లోనే బియ్యం ధర, టమోటా ధర ఉదాహరణలతో ఇరవై నిమిషాలు చెప్పాను. ఆ పక్క వారం తరగతికి 19 మంది వచ్చారు. ఆ యువకుడికి సాయంత్రం దాకా ఉన్నందుకు ఏదైనా ఇప్పిద్దామని కార్యాలయంలో అడిగితే, తరగతి చెప్పినందుకు, పేపరు దిద్దినందుకు, పరీక్ష కాపలా కాసినందుకు రేట్లున్నాయనీ, విద్యార్థికి ఫోన్ చేసినందుకు పద్దు లేదనీ చెప్పారు. పైన ఊహించిన 800 రూపాయల ఖర్చులో మొదటి భాగం ఆ పద్దే.